రెండు చుట్లకు ఒక చుట్టు

మూడు వారాలుగా పొద్దున్నే ఆ చప్పుడు,
రేకు డబ్బాలో గవ్వలు పోసి ఎవరో ఆడిస్తున్నట్టు.
నాన్న బానెట్‌కు చెవి ఆనించి
వేడెక్కితే పోతుందిలే అనేవాడు.
పోయేది కూడా.
మర్నాడు మళ్లీ.

మా మెర్సిడెస్ నాకన్నా పదేళ్లు పెద్దది.
డీజిలు బండి, మట్టిరంగు,
డిక్కీ నిండా సరస్సు చేపల వాసన.
ష్కోదర్‌లో ప్రతి మూడో ఇంటి ముందూ అలాంటిదే ఉంటుంది,
అందుకని ప్రతి మూడో మగవాడూ దానికి డాక్టరే.
అందరి మాటా ఒకటే: చైను సాగింది, పాష్క్.
తెగిందా,
వాల్వులు వెళ్లి పిస్టన్ల నెత్తిన పడతాయి.

ఇంజను మొత్తం విప్పక్కర్లేదు.
పాత గొలుసును ఒక్కచోట కోసి
ఆ కొసకు కొత్తదాన్ని అతికి
కిందినుంచి చేత్తో తిప్పుతూ పోతే
పాతది బయటికొస్తూ
కొత్తదాన్ని చీకట్లోకి లాక్కెళ్తుంది.
దీనికి నాలుగు చేతులు కావాలి.
మా ఇంట్లో రెండే ఉన్నాయి.
మిగతా రెండూ గోడ అవతల.

తాత సారా కాచిన రాగి బానను
లులాష్ బాబాయి అమ్మేశాడు.
ఎంతకో చెప్పలేదు.
రెండేళ్లయింది.

నన్ను పంపారు.
"మీ నాన్న ఏమడిగాడు?"
"ఇరవై ఏడో నంబరు సాకెట్టు."
సాకెట్టు నా చేతికిచ్చి పంపొచ్చు.
దాన్ని జేబులో వేసుకుని తనే వచ్చాడు,
ముర్లాన్ గాలికి కాలరు పైకి లాక్కుంటూ.

చైను చుట్టూ గుడ్డపీలికలు కుక్కారు,
పిన్ను ముక్క ఒక్కటి లోపల పడినా అంతే సంగతులు.
గ్రైండరు నిప్పులు కక్కింది.
టార్చి నాది.
"వెలుగు ఇంజను మీద వెయ్యి, నా మొహం మీద కాదు!"

బాబాయి అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని కింద.
నాన్న రెండు చేతులా గొలుసు బిగబట్టి పైన.
తిప్పు.
ఊఁ.
ఆపు.
ఊఁ.
రెండేళ్ల తర్వాత మొదటి మాటలు ఇవి.
కింద రెండు చుట్లు తిరిగితే
పైన పళ్లచక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది.
రెట్టింపు చాకిరీ ఎప్పుడూ నాకే అని
బాబాయి అనేదీ అదే.

సగం దాటాక గాలికి గేటు ధడాలున కొట్టుకుంది.
నాన్న ఉలిక్కిపడ్డాడు.
గొలుసుకూ పంటికీ మధ్య వేలి కొస.

అరవలేదు. మెడ నరాలు మాత్రం ఉబ్బాయి.
"ఏమైంది?" కిందినుంచి.
"వేలు."
"వెనక్కి తిప్పనా?"
"వద్దు! వదులైతే పన్ను జారుతుంది.
ముందుకే. అవాష్, అవాష్."

బాబాయి తిప్పాడు.
పాలు పొంగకుండా మంట తగ్గించే మనిషిలా,
వెంట్రుకవాసి, వెంట్రుకవాసి.
పంటితో పాటు నాన్న వేలూ ఆ గుట్ట ఎక్కి,
దిగి, అవతల బయటపడింది.
గోరు నల్లగా.
కొత్త గొలుసు మీద నూనె, నూనెలో ఎరుపు.
మరో చేయి మాత్రం వదలలేదు.
నా చేతిలో వెలుగు గజగజలాడింది.
ఈసారి ఎవరూ తిట్టలేదు.

చివరి లింకు వేసి, గుర్తుకు గుర్తు కలిపి,
చేత్తోనే ఇంకో రెండు చుట్లు తిప్పి చూసి,
అప్పుడు తాళం.
నాలుగుసార్లు దగ్గింది, అంటుకుంది.
గవ్వలు లేవు.
అమ్మ కిటికీ తీసి, ఏమీ వినబడక,
మళ్లీ మూసింది.

పాత గొలుసును పేపరు మీద పొడవునా పరిచి
పెట్టెమీద రాసిన కొలతతో పోల్చారు.
"ఎంత సాగింది?"
నాన్న మంచి చేతి బొటనగోరు చూపించాడు.
"ఇంతేనా?"
"ఇంతే."

బాబాయి చేతులు డీజిలుతో కడుక్కున్నాడు.
గేటు దాకా వెళ్లి, తిరక్కుండానే అన్నాడు:
"పన్నెండు వేల లెక్‌లకు ఇచ్చాను."

నాన్న వేలికి గుడ్డ చుట్టుకుంటూ
చాలాసేపు ఆలోచించాడు.
"మోసపోయావు."
"తెలుసు."

సాకెట్టు మా గట్టు మీదే ఉండిపోయింది.
పట్టపగలైనా నా టార్చి వెలుగుతూనే ఉంది.
ఆపమని నాకెవరూ చెప్పలేదు.