కొలతల పుస్తకం

దుగ్గిరాల యార్డు దాటినా పసుపు వాసన జీపు దిగలేదు.
కొమ్మమూరు కాలవ గట్టున దివాణం గేటు,
తాళంచెవుల గుత్తితో మస్తాన్‌వలి.
"పాములుంటాయి మేడమ్, చప్పుడు చేస్తా నడవండి."

టేపు ఆ చివర కోటిలింగం, ఈ చివర నేను.
ముందు వసారా: అరవై రెండడుగులు.
రంగూన్ టేకు స్తంభాలు పద్నాలుగు. రెంటికి చెద.
మేజువాణీల హాలు ఎవరో గోడౌనుకి అద్దెకిచ్చారు,
ఎవరో అద్దె కట్టడం మానేశారు.
బస్తాలు పోయినా పసుపు పోలేదు.
గచ్చు మీద మోపితే
పెళ్ళికూతురి కాలిలా లేచింది నా బూటు.

కచేరీ సావడి. గుర్రాల సాల. ధాన్యం కొట్లు మూడు.
ఏనుగు లేని ఏనుగుల సాలలో
గొలుసు రాసుకున్న రాయి మాత్రం
ఇంకా నున్నగా, పసిబుగ్గలా.

తోట దగ్గరకొచ్చేసరికి టేపు చాల్లేదు.

మా నాయనమ్మ రాహేలు ఈ తోటని కుండతో కొలిచింది.
కాలవ రేవు నుంచి సంపెంగ పాదు దాకా
నిండు కుండతో నూట తొంభై అడుగులు,
వట్టి కుండతో నూట అరవై.
"బరువుంటే అడుగు చిన్నదవుద్దే" అనేది.
నూరువరహాల పొదలకి ముప్పై కుండలు,
పంపరపనసకి నాలుగు,
దొరసాని గులాబీలకి లెక్కలేదు, ఎండ ఎంతుంటే అంత.
ఒక్క పువ్వన్నా పెట్టుకున్నావా అని అడిగాను ఓసారి.
"తల్లో పూలుంటే కుండ జారుద్ది" అని నవ్వింది.
ఆ నవ్వుని నేనింకా కొలవలేదు.

పడమటి గోడ వెనక, నక్షాలో లేని గది.
తాటాకు ఎప్పుడో పోయింది. మట్టిగోడ నడుమెత్తు.
"అదేం లేదు మేడమ్, కుండలు పెట్టుకునేవాళ్ళంట."
కోటిలింగం అప్పటికే టేపు చుడుతున్నాడు.
విప్పమన్నాను.
ఏడడుగులు. తొమ్మిదడుగులు.
గోడలో దీపం గూడు,
అందులో ఏ వానా చేరుకోలేని మసి.

ఫారంలో "కట్టడం పేరు" అని ఒక గడి.
"కుండల గది" అని రాసి, కొట్టేసి,
కాసేపు పెన్ను క్యాపు కొరికి
మళ్ళీ "కుండల గది" అనే రాశాను.

జీపు హారన్ కొడుతోంది.
రేవులోకి దిగి, సంపెంగ మాను దాకా
వట్టి చేతులతో నడిచాను.
నూట యాభై నాలుగు.
నేను ఆమెకంటే కాస్త పొడుగు.