పావుకిలోకి ఒక గ్రాము తక్కువ

రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు.
అనంతపురం అంగట్లో పిల్లోడు
నా అరచేతిలో పెట్టి "చూడన్నా, ఎంత తేలికో" అన్యాడు.
పావుకిలో శెనక్కాయలు తూచి
మా శెట్టి ఒక కాయ వెనక్కి తీసుకున్నట్టుంది.
కాయితాల బాధ తక్కువంట.
ముప్పై రెండువేలంట.

ఇంగొకటి అద్దాల బీరువాలో ఉండాది.
కాళ్లు ముడుచుకుని, మూడు కండ్లు తెరిచి,
లక్షా నలభైవేల బిగువుతో.
గాలికి జంకదంట,
మసకచీకట్లో గూడా ముఖాలు పడతాయంట.
దాన్ని మాత్రం నా చేతికియ్యలేదు.
నేనూ అడగలేదు.

బస్సెక్కినకాడి నుంచీ లెక్కే.
పైనుంచి తీస్తే పెండ్లికి నాలుగువేలు అదనం.
చిన్నదైతే ఎనిమిది పెండ్లిళ్లకు గట్టెక్కుతాది.
పెద్దదైతే ముప్పై ఐదు.
ముప్పై ఐదు మండపాలు, ముప్పై ఐదు అప్పగింతల ఏడుపులు,
"మా మేనమామ పడలేదే" అని ముప్పై ఐదు తగాదాలు.
కూడేరు దాటకముందే చేతివేళ్లు చాలలేదు.
కిటికీ బయట గుట్ట మీద గాలిమరలు
ఎవురికీ బాకీ లేనట్టు తిరుగుతాండాయి.

గుంతకల్లు మస్తాన్ దగ్గర చిన్నదుంటే
ఒక పూటకు అడిగి తెచ్చినా.
ఉరవకొండ బయట, బీడులో, మధ్యాన్నం.
లేసింది బాగానే.
తుమ్మచెట్టు దాటింది, కరెంటు తీగ దాటింది,
ఆడ కాచుకోనుండాది ఆషాఢం గాలి.
నేను ఇటు రమ్మంటే అది అటు.
తెర మీద ఎర్రక్షరాలు కేకలేసి కేకలేసి
అవీ ఊరకయినాయి.

గంట తర్వాత బీరలింగప్ప వచ్చినాడు
కంబళిలో దేన్నో చుట్టుకుని,
"నీదేనా? బతికే ఉండాది" అనుకుంటా.
ఒక రెక్క విరిగింది, అంతే.
అది చూసిందంతా ఆయనకు చూపించినా.
ఎర్రమన్ను, ఊగులాట, మళ్లీ ఎర్రమన్ను,
ఆఖర్న బొరుగులు ఒలికినట్టు ఆయన మంద.
తెరకు ముక్కు ఆనించి
"ఇది గుడ్డిది. ఇది మొన్న ఈనింది.
ఈ ఎనకపడిందుందే, దీనికి ముల్లు దిగింది" అన్యాడు.
నాకు చుక్కలే కనపడినాయి.

రాత్రి ఒగ్గాణి తింటా వన్నూరమ్మతో చెప్పినా:
"చిన్నది గాలికి నిలవదు మే, పెద్దదే మేలు."
ఆమె ప్లేటు నుంచి తలెత్తలేదు.
"గాలి ఎప్పుడు లేస్తాది?"
"ఆషాఢంలో."
"ఆషాఢంలో ఎవురబ్బా పెండ్లి చేసుకునేది?"

పదహైదేండ్ల నుంచి ఫోటోలు తీస్తాండా,
ఇంత సూటిగా నన్ను ఎవురూ తీయలేదు.

అప్పుడు చెప్పాల్సొచ్చింది.
పెండ్లి కోసం కాదని.
గాలిమర రెక్క పక్కన, దానికంటే రోంత పైన,
కదలకుండా నిలబడాలని.
కింద బోదగడ్డి అంతా ఒక్కసారి పడుకుని
మళ్లీ ఒక్కసారి లేస్తాది చూడు,
ఆ లేసేది తీయాలని.
పుట్టినప్పట్నుంచి ఒంటికి తగుల్తా ఉండే గాలిని
ఒక్కసారి కంటితో చూడాలని.

"దానికెవురు దుడ్డిస్తారు?"
"ఎవురూ ఇయ్యరు."
చానాసేపు ఏమీ అన్లేదు.
నా ప్లేట్లో ఇంగో మిరపకాయ బజ్జీ ఏసింది.

చిన్నదే కొన్యాం.
నాలుగు రెక్కలు అదనంగా.
శ్రావణంలో మూడు పెండ్లిళ్లు, మాఘంలో నాలుగు,
వైశాఖంలో ఎనిమిదోదానికి బాకీ తీరింది.
కుళ్లాయప్ప స్టూడియో బోర్డు మీద
ఇప్పుడు చిన్న రెక్కల బొమ్మ గూడా ఉండాది.

మళ్లీ ఆషాఢం.
పనుల్లేవు. పొద్దున్నే డబ్బీ తెరిచి,
రెక్కలు తుడిచి, మిద్దె మీదికి పోతా.
గాలి కొలిచేదానికి నా దగ్గర యంత్రమేమీ లేదు,
తీగ మీద ఆరేసిన వన్నూరమ్మ చీర తప్ప.
అంచు నేలకు వేలాడితే ఎగరేయచ్చు.
పక్కకు లేస్తే డబ్బీ మూయాల.

పది కావస్తాంది.
చీర ఇంగా దిగలేదు.