ఏడు ముక్కలు

ఫంక్షన్ హాల్ వెనుక, చెత్త డబ్బా మూత మీద
పూలు దులిపేసిన ఆర్కిడ్ కాడలు నాలుగు.
రాత్రి రెండు. పెళ్లి అయిపోయింది.
సాల్మియా సముద్రపు గాలి
పిండని బట్ట లెక్క ముఖానికి అంటుకుంటున్నది.
వ్యాను తలుపు మూసే లోపు
అన్నిట్ల పొడుగుది ఒకటి
సీటు కింద దాచిన.

"పారేసిన దాన్ని దాచుడెందుకు?"
నవ్వింది మారిసెల్,
మా పూల దుకాణంలో గులాబీ ముళ్లు ఒలిచే ఫిలిప్పీన్సామె.
కాడను వేలి మీద ఆనించి చూపింది:
ఇక్కడొక కణుపు. ఇక్కడొకటి.
కణుపు మీద ఉల్లిపొర లాంటిది చిన్నగ,
గోటితో దాన్ని ఒలిచింది.
లోపల పచ్చగ, మూసుకున్న కన్ను.

ఇగ ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది.
బోధన్ ఫ్యాక్టరీ పొగ వదిలిన రోజుల్లో
చెరుకు ముచ్చెలు కొట్టిన చెయ్యి ఇది.
కత్తి కన్నుకు తగలొద్దు,
కన్ను పైకి చూడాలె.
అదైతే నాకు పుట్టుకతో తెలుసు.

కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్దమన్నది.
మా గదిలో అంత సోకు లేదు.
లింబాద్రన్న డబ్బాలో ఆర్మూరు పసుపుండె.
గాయానికి పసుపు కాక ఇంకేం పెడ్తం!

బిర్యానీ పార్సిల్ డబ్బా,
గంపల అడుగున దొరికిన నాచు,
పైన మూత, మూతకు సూది బొక్కలు మూడు.

హసావీలో మా గది:
ఆరు మంచాలు, తొమ్మిది మంది, ఒక్క ఏసీ.
జూన్ నెలలో దాన్ని తగ్గించమంటే తంతరు.
అందుకే బాత్రూంల, గీజర్ మీది అలమర.
పొద్దున తొమ్మిది మంది స్నానాల ఆవిరి,
మసక అద్దం నుంచి గంటన్నర వెలుగు.

పన్నెండో నాడు మొదటిది నల్లబడ్డది.
తర్వాత రెండోది, మూడోది, వరసగా.
ముట్టుకుంటే ఉడికిన వంకాయ.
పసుపు తప్పా, నా చెయ్యి తప్పా?
శుక్రవారం డబ్బా ముందేసుకుని కూసుంటే
లింబాద్రన్న తల గోక్కున్నడు:
"పాపం దూప గొంటయని
రోజూ రాత్రి డ్యూటీ నుంచొచ్చి
మగ్గుడు నీళ్లు పోస్తున్న తమ్మీ."

తిట్టలేదు.
ఆ మనిషికి నెల కింద షుగరు బయటపడ్డది.
ఆయన దూప ఆయనకు తెల్వది,
వాటి దూప కనిపెట్టిండు.

ఆరు ముక్కలు కాగితంలో చుట్టి పారేసిన.
ఏడోది లెక్కకు రాలే.
ఎలుక పాలైందనుకున్న.

గీజర్ కారుతుందని
కేరళ ప్లంబర్ వచ్చి దాన్ని దించిన నాడు
పైపు వెనుక, ఇంత నాచు చిక్కుకుని
చెమట పట్టే ఇనుము మీద పడుకుని ఉంది.
ఎవరూ నీళ్లు పోయని ముక్క.
కన్ను తెరిచింది.
రెండాకులు, పిల్లి చెవులంత.
వాటి కింద తెల్లగ, పావు ఇంచు వేరు,
గాలిలోకి.

"మన లెక్కనే!" అన్నడు లింబాద్రన్న. "మట్టి లేకున్నా..."
"ఊకో అన్నా," అన్న.
"దీనికి అకామా లేదు, కఫీల్ లేడు,
నెలకు రెండుసార్లు ఫోన్ రీచార్జి లేదు.
మనతోని కలపకు దాన్ని."
ఆయన కాసేపు చూసి
"అవు, ఇది నయం," అన్నడు.

మారిసెల్ లెక్కన
పూయడానికి రెండేండ్లు, మూడు కూడా పట్టొచ్చు.
నా కాగితం మీద పదకొండు నెలలున్నయి.
తల్లి ఏ రంగో నాకు తెల్వది.
ఆ రోజు పెట్టెలు మోసిన, మూతలు తెరవలేదు.

ఇప్పుడు బాత్రూం తలుపు లోపలి వైపు
మార్కర్‌తో పందాలు రాసి ఉన్నయి.
తెలుపు ముగ్గురు, ఊదా నలుగురు.
కాడ మీద ఎర్ర చార చూసిన ప్లంబర్ కూడా
మలయాళంలో ఏదో రాసి పోయిండు.
లింబాద్రన్నది పసుపు. ఎందుకంటే
పసుపు ఆయనది కాబట్టి.

గెలిచినోనికి ఒక కుబ్బూస్ ప్యాకెట్,
అప్పటికి గదిలో ఎవరుంటే
వాళ్లు ఇయ్యాలె.