రెండూ నలభై

నడుముకి పెట్టె, రొమ్ము మీద బిళ్ళలు.
"రేపటిదాకా స్నానం లేదు,
ఏం చేసినా టైమేసి రాయి" అన్నాడు
భీమవరం డాక్టరు.

రాశాను.
ఆరింటికి అంట్లు.
పదింటికి నర్సాపురం షావుకారు లేసు, ముప్పై వరసలు.
మధ్యాహ్నం మేనత్తతో పోట్లాట, రొయ్యపొట్టు గురించి.
నాలుగింటికి అన్న ఫోటో తుడిచాను.
అది రాయలేదు.

అన్న పెద్దిరాజు సఖినేటిపల్లి రేవులో
పంటు తాడు లాగుతూ లాగుతూనే
కూలిపోయాడు, ముప్పై ఒకటికి.
నాన్నా అంతే, పుంతలో, సైకిలు మీంచి.
ఊరు గాలంది, దిష్టంది.
డాక్టరు బొమ్మ గీశాడు:
గట్టు బలిసింది, కాలవ ఇరుకైంది.

తర్వాత కాయితం పరిచాడు, గజాలకొద్దీ.
లేసు అల్లేదాన్ని, నాకు చదవడం వచ్చు.
గొలుసు, గొలుసు, కంత, గొలుసు
ఒకచోట ఏడు కుట్లు
ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.

"రాత్రి రెండూ నలభైకి ఏం చేస్తున్నావు?"

నా పుస్తకంలో ఆ గంట ఖాళీ.
పడుకున్నానండి.
పిల్ల నా పొట్ట మీద కాలేసింది,
అదొక్కటే జ్ఞాపకం.

లేసులో తప్పుకుట్టు పడితే
అక్కడిదాకా విప్పుతాం.
ఇది విప్పేది కాదు.

ఆయన ఇంకో ఫారం తీశాడు.
పేరు, వయసు అడిగాడు.
నావి చెప్పబోయాను.

"నీవి కాదమ్మా. పాపవి."