ఎదురునరం

గౌయ నది ఒడ్డు విరిగిపడిన ఏడాది
ట్రాక్టరుకి గొలుసు కట్టి పైకి లాగాం ఆ ఓక్ మానుని.
ఎన్ని వందల ఏళ్ళు మునిగి ఉందో,
ఇనుప నీళ్ళు తాగి తాగి
చేవ దాకా నల్లబడింది.
రంపం పెడితే పొట్టు కూడా బూడిద రంగే.
మూత తీసిన పాత బావి వాసన.
నాలుగేళ్ళు నీడన ఆరబెట్టాను.
సగం పలకలు వంకరపోతే
పొయ్యిలో వేశాను, బాధపడలేదని చెప్పను.

బర్చ్ కథ వేరు.
అది తాలివాల్డిస్ దాచుకున్న పలక.
అటక మీద, విరిగిన స్లెడ్జి బండి వెనక,
ముప్పై ఏళ్ళు
"దీనికి తగ్గ పని రానీ" అంటూ.
పని వచ్చేసరికి
నాకు ఉలి పట్టడం నేర్పిన మనిషికి చూపు పోయింది.

దాన్ని మందంలో రెండుగా కోసి
పుస్తకంలా విప్పాను.
ఒక పేజీలో అల ఎటు లేస్తే
రెండో పేజీలో దానికి ఎదురుగా.
అల అంటున్నాను గానీ,
నరం నిటారుగా పెరగడం చేతకాక
వంగి, లేచి, మళ్ళీ వంగి
చెట్టు పడ్డ ఇబ్బంది అది.
మనం దానికే ఎక్కువ ధర కడతాం.

రెండు రెక్కలూ పక్కపక్కన నిలబెడితే
ఒకటి వెన్నరంగు, ఒకటి తేనెరంగు.
"తేడా ఉందే" అంది ఔస్మా,
బీరువాకి అడ్వాన్సు ఇవ్వడానికి రీగా నుంచి వచ్చి.
మందుల షాపు మనిషి, తూకాల మనిషి.
"ఇటు రండి" అని
పొయ్యి దగ్గర్నుంచి కిటికీ వైపు నడిపించాను.
నాలుగడుగులు.
తేనె వెన్నయింది, వెన్న తేనయింది.
ఆమె వెనక్కి నడిచింది, మళ్ళీ ముందుకి,
కోటు కూడా విప్పకుండా.
"వీటిలో ఏది అసలు రంగు?"
టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను.

నల్ల ఓక్ చట్రం. గాడిలో బర్చ్ పలక.
గాడిలో జిగురు చుక్క పడకూడదు.
జనవరి వేడికి పలక ముడుచుకుంటుంది,
జూన్‌లో ఒళ్ళు విరుచుకుంటుంది,
కదలడానికి చుట్టూ చోటుండాలి.
తాలివాల్డిస్ తన పెళ్ళి బీరువాకి జిగురేశాడట.
మొదటి చలికాలం నడిరాత్రి
తలుపు తుపాకీలా పేలితే
పెళ్ళాం మంచం కింద దూరింది.
ఆమె పోయి పదేళ్ళైనా
ఆ మాట చెప్పేటప్పుడు మంచం వైపే వేలు చూపిస్తాడు.

ఇక నా తప్పు.
లోపలి వైపే కదా, ఎవరు చూస్తారని
చిత్రికకి సాన పట్టకుండా మొదలెట్టాను.
ఎడమ రెక్క కింది మూల,
అల తిరగబడే చోట
బ్లేడు నరానికి ఎదురెళ్ళింది.
చిట్, చిట్, చిట్.
గోరంత పొరలు వరసగా లేచిపోయాయి.

సాయంత్రం బూట్ల మంచు దులుపుకుని వచ్చాడు ఆయన.
కుడి రెక్క మీద అరచెయ్యి ఆనించాడు. అద్దం.
"బాగుంది" అన్నాడు,
చుట్టం మర్యాదకి కూర బాగుందన్నట్టు.
ఎడమ రెక్క మీద చెయ్యి జారుతూ జారుతూ
మూలన ఆగింది.
"రేపు గీరేస్తాను" అన్నాను,
చెవులు వేడెక్కాయి.
పలకలేదు. చూపుడు వేలు ఒక గుంటలోకి దిగింది,
గట్టెక్కింది, ఇంకో గుంట, ఇంకో గట్టు.
మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇంత దగ్గర దగ్గరగానా అలలు?
నేను ఎడంగా అనుకున్నాను."

ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా
రంపపు గాట్ల కింద ఏముందో
చిత్రిక పట్టి చూసుకోలేదట.
చూసేస్తే ఖర్చయిపోతుందని.

గీరు రేకు చేతిలోకి తీసుకున్నాను,
తిరిగి సంచిలో పెట్టేశాను.
అవిసె నూనె మూడు పూతలు,
ఆ మూలకి ఒకటే.
బిల్లులో కొంత తగ్గించి
ఎందుకో ఔస్మాకి ఉత్తరం రాశాను.
"అలాగే ఉంచండి" అని జవాబు, మరో మాట లేదు.

మార్చిలో వ్యాను వచ్చింది.
దుప్పట్లు చుట్టి, తాళ్ళు బిగించి,
డ్రైవరు ఇంజను వేశాక
రోడ్డు మీద కర్ర చప్పుడు.
"ఒక్క నిమిషం, ఎడమ తలుపు"
అంటూ వస్తున్నాడు తాలివాల్డిస్,
చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని.
డ్రైవరు నావైపు చూశాడు.
నేను ముడి విప్పడం మొదలెట్టాను.