వెనక లేని తొట్టి

నక్కలగుట్ట కంటి దవాఖాన హాలు నడుమ
పన్నెండు ఫీట్ల అద్దాల తొట్టి.
నాలుగు దిక్కుల అద్దమే.
గోడకు ఆనించిన తొట్టయితే
వెనక నల్లరంగు పూసి
పైపులన్నీ దాని చాటుకు దాస్తం.
దీనికి చాటే లేదు.

ములుగు రోడ్డు మీద
బోరు మోటర్లు వైండింగ్ చేసుకునేటోన్ని.
నీళ్లను పైకి తెచ్చుడు తెలుసు.
తెచ్చినంక ఎటు పోతయో
రైతు చూసుకుంటడు.
ఈడ డాక్టరమ్మ అన్నది:
"నీళ్లు ఎటూ పోవద్దు సారంగపాణీ,
ఊకె తిరగాలె."

పగడం నడవదట.
అంటుకున్న రాయి మీదనే దాని బతుకు.
బువ్వ నోటికాడికి రావాలె,
మురికి ఒంటి మీదికెళ్లి పోవాలె,
రెండు పనులూ నీళ్లయే.
ఒక్క దిక్కు నుంచే కొడితే
ఒక చెంప ఒరుసుకపోతది,
రెండో చెంప కుళ్లుతది.

పాత కరెంటు బిల్లు మీద లెక్క రాసిన.
ఆరు వేల లీటర్లు. గంటకు ఇరవై సుట్లు.
ఎల్బో ఎల్బోకు కొంత ఊపు మింగుతది,
అవి తీసేసి వంపు పైపులు.
తొట్టి నడుమ రాళ్ల గుట్ట,
గుట్ట కడుపుల బోలు గొట్టం,
గొట్టం నెత్తిన రంపపు పండ్ల అంచు.
పై నీళ్లు ఆడ మత్తడి దుంకి
సెల్లారుల సంపుకు దిగుతయి.
ఏ చెరువుకైనా మత్తడి కట్టకాడ ఉంటది,
నా చెరువుకు బొడ్డుకాడ.
అడుగున ఎనిమిది తూములు.
వాల్వు తిరిగినప్పుడల్లా నాలుగు మూసుకుంటయి,
నాలుగు తెరుసుకుంటయి,
వాలు ఎటో ఎవ్వలికీ అంతుచిక్కకుంట.

సముద్రం ఇంకా రాలే.
తొమ్మిది డబ్బాల ఉప్పయి
పార్సిల్ ఆఫీసుల కూసున్నది.
ముందుగాల మంచినీళ్లతోనే పరీక్ష.
కొత్తవాడ మగ్గాల కింద రాలిన
ఎర్ర నూలు పోగులు ఏరుకొచ్చి
రాయి రాయికి ఒక తోక కట్టిన.

రాత్రి పది. మోటర్ ఆన్.
తోకలన్నీ లేచినయ్.
కుడికి, ఆగి, ఎడమకు,
ఒక పోగు ఇంకో పోగు మాట ఇనకుంట.
కుర్చీ ఏసుకొని కూసున్న.
చాయ్ చల్లారేదాక చూసిన.
నా లెక్క మీద నాకే ముచ్చటయింది.

"సారూ, ఇటు దిక్కుది పడుకున్నది."

బకిట్ పక్కన మోకాళ్ల మీద ఓదెమ్మ,
తడిబట్ట పెడుతున్నది.
మెట్ల కిందికెళ్లి, బాత్రూంల దిక్కు
పోయి వంగి చూద్దును గదా,
రాయి మొదలుకాడ మూడు పోగులు
జెర్ర కూడా కదలకుంట వేలాడుతున్నయ్.
గుప్పెడు మురికి ఆడ కూసుంటే చాలు,
నెల తిరిగేసరికి తొట్టి తొట్టంత విషం.

నాలుగు దిక్కుల అద్దం పెట్టించి
నేను మూడు దిక్కులే తిరిగిన.
వెనక లేని తొట్టికి
కుర్చీ ఏసి ఒక వెనక చేసిన.
ఓదెమ్మకు అదే ముందు.
రోజూ ఆమె బట్ట అందుకునేది ఆడికెళ్లే.

ఇంకో మోటర్ పెట్టాల్నా,
ఇంత చేసి అద్దానికి ఇంకో బొక్క కొట్టాల్నా అని
నేను బిల్లు మడత ఇప్పుతున్న.
"రాయి జరుపరాదు?" అన్నది.
నిచ్చెనెక్కి పైపు ముక్కతో నెట్టిన.
కింద నుంచి ఆమె చెప్పుడు:
ఇంకా. ఇంకా. జెర్రంత. ఆ, ఆగు.
జానెడు కూడా లేదు.
ఒక పోగు లేచింది. దాని ఎంబడి ఇంకోటి.
మూడోది ఇంకా ఆలోచన చేస్తున్నది.

అంతల్నే కరెంటు పోయింది.
ఆమె ఫోన్ లైటు వెలుగుల
లేచినయీ లేవనిదీ
అన్నీ ఒక్క తీరుగ కిందికి వాలినయ్.
జనరేటర్ అందుకునేదాక
ఇద్దరం పైకే లెక్కపెట్టినం.
పదకొండు.

బిల్లు కింద రాసుకున్న:
బ్యాటరీ కావాలె.
దాని కింద:
రేపు కుర్చీ ఇటు దిక్కు.