పదకొండో గడి

ఫారంలో పదకొండో గడి: ఆలస్యానికి కారణం.
మెర్విన్ ట్రెన్విత్ అక్కడ అడ్డగీత గీసి పంపాడు.
ముప్ఫై అయిదేళ్ళకి
ఒక్క గీత.

అందుకే మూంటా వచ్చాను, ఆదివారం.
వారంలో ఆరు రోజులు కడీనాలో జనం కళ్ళు పరీక్షిస్తాను,
ఏడో రోజు ఆ కళ్ళు చూసినవాటి వెంట తిరుగుతాను.
మా సంఘంలో నలుగురం.
ఒకాయనకి మోకాళ్ళు పనిచెయ్యవు.

బయల్దేరకముందే కొన్ని కొట్టేశాను.
ఎనభై తొమ్మిది ఆగస్టు, అమావాస్యకి రెండ్రోజుల ముందు,
కాబట్టి చంద్రుడు కాదు.
వేగుచుక్క ఆ నెల వేగుచుక్కే కాదు,
సందెవేళ కనబడి భోజనాల వేళకి గూకేది.
గొల్లకావడి అప్పుడే లేస్తోంది తూర్పున
ఈ దేశంలో ఎప్పుడూ లేచినట్టే, తలకిందులుగా,
కుండలోంచి చుక్క పాలు ఒలక్కుండా.
అడిలైడ్ విమానాల జాబితా కూడా తెప్పించాను.
రాత్రి మూడింటికి పైన ఎవరూ లేరు.

"బేకరీ పొయ్యి వెలిగించాలిగా, ఆ వేళకే లేచేవాళ్ళం," అన్నాడు.
"రాగి గని పొగగొట్టానికి ఎడమ పక్క,
చెయ్యి చాపితే పిడికెడు ఎత్తున,
కదలకుండా నిలబడింది. చప్పుడు లేదు.
పక్కింటి కుక్క దాన్ని చూసి తోకూపింది.
నాలుగు నిమిషాలు.
తర్వాత ఆర్పినట్టు కాదు, మూత పెట్టినట్టు పోయింది."

రంగు?

"ఆకుపచ్చ," అన్నాడు గబుక్కున,
ఎవరో కాదన్నట్టు.

సంచిలోంచి ఇంకో కాగితం తీశాను,
మా పాత బీరువా అడుగున దొరికింది,
పిండి బిల్లు వెనక పెన్సిలు రాత:
పొగగొట్టానికి ఎడమ. పిడికెడు ఎత్తు. నాలుగు నిమిషాలు. నారింజ.
సాక్షులు: ఇద్దరు. రెండో ఆయన ఒప్పుకోడు.
సంతకం, లోర్నా ట్రెన్విత్.

లోర్నా మార్చిలో పోయింది.
ఆయన ఫారం ఏప్రిల్లో వచ్చింది.

"ఊరంతా నవ్వారు," అన్నాడు చాలాసేపటికి.
"లోర్నా, పైనుంచి మీ చుట్టాలెప్పుడు దిగుతారు, అని అడిగి
చిల్లర సరిచూసుకుని పోయేవాళ్ళు.
నన్నడిగితే, నేను చూళ్ళేదన్నాను.
అబద్ధం కాదది.
తను చూసింది నారింజ, నేను చూసింది పచ్చ.
తను చెప్పిందాన్ని నేను చూడలేదుగా."
ఈ చివరి మాటని ఆయన
ఎన్ని రాత్రులు పిసికాడో, అంత మెత్తగా వచ్చింది.

లోపల్నించి కమురు వాసన.
కజ్జికాయల్లా అంచులు మడిచిన పేస్టీలు, ఓవెన్లో.
లేచి వెళ్ళాడు. లైటు ఉంది, అద్దం ఉంది,
చూడలేదు. తలుపు తీసి ముక్కు పెట్టాడు.
"ఎర్రబడ్డాయో లేదో తనే చెప్పేది.
నాకు వాసనే."

అప్పుడు లేచాను నేను.
కారులో చుక్కల పుస్తకం ఎప్పుడూ ఉంటుంది,
బడిపిల్లలకి పెట్టే పరీక్ష.
నారింజ చుక్కల నడుమ పచ్చచుక్కల అంకె.
మొదటి పేజీ. "ఏ అంకె?"
రెండో పేజీ.
ఐదో పేజీ దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"అన్నీ చుక్కలే," అన్నాడు.

ఈ వార్త పిల్లల తల్లులకి చెప్పడం అలవాటే నాకు.
ఎనభై ఒక్కేళ్ళ మనిషికి ఎలా చెప్పాలో తెలీక
వాళ్ళకి చెప్పినట్టే చెప్పాను:
ఆ రెండు రంగులూ మీకు ఒకటే.

బల్ల మీది పిండి బిల్లుని
వేలితో ఒకసారి తట్టాడు, రొట్టె ఉడికిందా అని తట్టినట్టు.
"అయితే," అన్నాడు.
"అయితే,"
అంతవరకే.

తొమ్మిదో గడి నేను నింపాలి: వస్తువు ఏమిటి.
తెలీదు. ఆ రాత్రికి నా దగ్గర ఏ దీపమూ మిగల్లేదు.
నేనూ అడ్డగీత గీశాను.
పదకొండోది ఆయన మళ్ళీ అడిగి తీసుకున్నాడు.
ఏం రాశాడో దార్లో చదవకూడదనుకున్నాను,
ఇంకా చదవలేదు.

గుమ్మం దగ్గర కాగితంలో చుట్టి ఒక పేస్టీ ఇచ్చి,
"ఏ రంగొచ్చింది?" అన్నాడు.
వీధి దీపం కిందికి తీసుకెళ్ళి, తిప్పి చూశాను.
"అడుగు మాడింది," అన్నాను.

తలూపాడు. "తనూ అదే అనేది."